పిల్లిపిల్ల ముక్కు మీద కొట్టకండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ ఇంటి పేజీలో, పాఠకుల చిట్కాల కింద ఒకాయన రాసింది చదివాను. పెంచుకునే పిల్లిపిల్ల కరుస్తుంటే ముక్కు మీద వేలితో గట్టిగా ఒక్కటి కొట్టాలట. రక్కుతుంటే మెడ పట్టి నేలకేసి నొక్కి ఉంచాలట. అప్పటికీ మానకపోతే గోనెసంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గర వదిలేస్తే దాని తిండి అది వెతుక్కుంటుందట. మీరు దానికి బొమ్మ కూడా వేయించారు. నేను చదివింది పదో తరగతి. తెనాలిలో ఇంట్లోనే మిషను పెట్టుకుని ముప్ఫై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. కానీ కిందటి కార్తీకం నుంచి ఒక పిల్లిపిల్ల చేత రెండు చేతులూ రక్కించుకుని, చివరికి దాని చేతే ఆ అలవాటు మాన్పించాను. అందుకని నాలుగు మాటలు రాయాలనిపించింది. నాలుగని మొదలుపెట్టాను, ఎక్కువే అవుతాయేమో. కత్తిరించుకునే పని ఈసారి మీది.

అది మా ఇంటికి వచ్చింది వాన పడుతున్న రాత్రి. గోడ పక్కన సన్నగా అరుపు వినిపిస్తే మా మనవడు టార్చి వేసి చూశాడు. వాడికి ఆరేళ్ళు. అరచేతిలో పట్టేంత పిల్ల, తడిసి ముద్దయిపోయి ఉంది. తల్లి వస్తుందేమోనని అట్టపెట్టెలో గుడ్డ వేసి వరండాలోనే ఉంచి రెండు రోజులు చూశాం. రాలేదు. మూడో రోజున, ఫాల్ కుట్టి పీకోకి పక్కన పెట్టిన చీర అంచు నోట్లో పెట్టుకుని కూర్చుంది. "ఇక పీకో పని దీనికే అప్పజెప్పమ్మా" అంది మా అమ్మాయి. అదే పేరైపోయింది.

మొదట్లో దాని కొరుకుడు ముద్దుగానే ఉండేది. అవి సూది మొనల్లాంటి పళ్ళు. వేలు పట్టుకుంటే చక్కిలిగింత పెట్టినట్టుండేది, అంతే. మనవడు దుప్పటి కింద వేళ్ళు ఆడించేవాడు, అది ఎగిరి పడేది, ఇంట్లో అందరం నవ్వేవాళ్ళం. మా అల్లుడుగారి ఉద్యోగం హైదరాబాదులో. అమ్మాయి ఇక్కడ బళ్ళో పని చేస్తుంది కాబట్టి పిల్లాడితో మా దగ్గరే ఉంటుంది. శని, ఆదివారాల్లో ఆయన వచ్చినప్పుడు పీకోని వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద అయిదు వేళ్ళూ పెట్టి గింగిరాలు తిప్పేవారు. అది ముందు కాళ్ళతో చెయ్యి వాటేసుకుని, వెనక కాళ్ళతో టపటపా తన్నేది. "చూడండి అత్తయ్యగారూ, కబడ్డీ" అనేవారు. నేనూ నవ్వాను. ఆ తప్పులో నా వాటా ఎంతో తరవాత తెలిసింది.

డిసెంబరు వచ్చేసరికి ఆ నవ్వు పోయింది. మాది తొక్కుడు మిషను. పెడలు కదలడం ఆలస్యం, నా పాదం మీద దూకేది. సంక్రాంతి జాకెట్లు నలభై దాకా పేరుకుని ఉన్నాయి. వేళ్ళ మీద రక్కులు ఎండి గరుకెక్కితే పట్టుగుడ్డ ముట్టుకుంటే చాలు, పోగు లేచిపోతుంది. చేతి హెమ్మింగ్ చేస్తుంటే సూది పట్టుకునే వేలి మీదే గాటు. జాకెట్ ఇప్పించుకోడానికి వచ్చిన ఆవిడ నా చేతులు చూసి, "ఏమైందమ్మా, ఇంట్లో గొడవలా?" అని గొంతు తగ్గించి అడిగింది. పిల్లి అని చెప్పినా నమ్మినట్టు లేదు.

ఎదురింటి బాబాయిగారు మీ చిట్కా రాసినాయన లాంటివారే. "మన ఊళ్ళో పుట్టి పిల్లిని దారికి తేలేకపోతే ఎట్లాగమ్మా! రామకృష్ణుడు ఒక్క రోజులో బుద్ధి నేర్పాడు" అన్నారు. ఆ కథ తెలియనివాళ్ళు ఉండరు. రాయలవారు తలా ఒక పిల్లినీ, దానికి పాల కోసం ఆవునీ ఇస్తే, అందరి పిల్లులూ బలిశాయి, రామకృష్ణుడి పిల్లి ఎముకల గూడైంది. పాలు చూస్తేనే పారిపోతుంది. మొదటి రోజే మరిగే పాలు పెట్టి మూతి కాల్చాడు మరి. చిన్నప్పటి నుంచీ ఆ కథకి నవ్వుతూనే ఉన్నాను. కానీ చేతులకు కట్లు కట్టుకుని కూర్చుని ఆలోచిస్తే వేరేలా అనిపించింది. ఆ పిల్లి నేర్చుకున్నదేమిటి? పాలంటే భయం. కాలింది వేడికి, అది భయపడింది పాలకి. ముక్కు మీద కొడితేనూ అంతే. కరవడం తప్పని దానికి తెలియదు, చెయ్యంటే భయమని తెలుస్తుంది.

ఊహించి చెబుతున్న మాట కాదిది. నేనూ కొట్టాను. ఒక మధ్యాహ్నం పెడలు మీద కాలు పట్టేసుకుంటే, చేతిలో ఉన్న చెక్క స్కేలుతో వీపు మీద ఒక్కటి వేశాను. బీరువా కింద దూరి నాలుగు గంటలు బయటికి రాలేదు. ఆ రోజుకి కరవలేదు. మర్నాటి నుంచి నేను గుడ్డ అందుకోడానికి చెయ్యి చాపినా చెవులు వెనక్కి అణిచి, నేను ముట్టుకోకముందే కరిచేది. అంతకుముందు ఆటకి కరిచేది, ఇప్పుడు భయపడి కరవడం మొదలైంది. ఆటకాటు గాటుతో పోతుంది, భయంతో కరిస్తే కోర లోపలికి దిగుతుంది. గదిలో పెట్టి కొడితే పిల్లయినా తిరగబడుతుందని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఆ వారంలోనే మనవడి మణికట్టు మీద కోర దిగి రక్తం వచ్చింది. ఆసుపత్రి సంగతి తరవాత చెబుతాను. పిల్లాడి పని అయ్యాక పీకోని బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కట్టి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడున్న డాక్టరమ్మ ముందు దాని నోరు తెరిచి పళ్ళు చూసింది, పది వారాలుంటాయంది. మా ఇంటికి వచ్చినప్పుడు అయిదు వారాలన్న మాట. "అదేనమ్మా వచ్చిన చిక్కు" అంది.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. పిల్లిపిల్లకు వారం పది రోజులకు కళ్ళు తెరుచుకుంటాయి. మూడో వారం నుంచి తోడబుట్టిన వాటితో ఆట మొదలవుతుంది. ఆ ఆటలోనే ఎంత గట్టిగా కొరకాలో, గోళ్ళు ఎప్పుడు లోపలికి ముడుచుకోవాలో నేర్చుకుంటుంది. ఒకటి గట్టిగా కొరికితే రెండోది కీచుమని లేచిపోతుంది, ఆట ఆగిపోతుంది. తల్లిని కొరికితే తల్లి పక్కకి తోసేసి వెళ్ళిపోతుంది. ఎనిమిది వారాలైనా, కుదిరితే పన్నెండు వారాల దాకా తల్లి దగ్గర ఉండాలనేది ఇందుకే. మా పీకోకి ఆ చదువు సగంలో ఆగిపోయింది. మిగిలిన సగం మేం చెప్పాల్సింది పోయి, వేళ్ళు ఆడించి తప్పుడు పాఠం చెప్పాం.

తరవాత ఎదురింటి కట్టెల పాకలో ఒక పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. పని లేనప్పుడు అరుగు మీద కూర్చుని చూశాను. అచ్చం డాక్టరమ్మ చెప్పినట్టే. నల్లది గోధుమరంగు దాని చెవి పట్టుకుని వదలకపోతే, అది కీచుమని దూరంగా పోయి కూర్చుని కాలు నాక్కుంటుంది. నల్లది కాసేపు బిత్తరచూపులు చూసి, మెల్లగా దగ్గరికి చేరి ఈసారి మెత్తగా పట్టుకుంటుంది. ముక్కు మీద ఎవరూ ఎవర్నీ కొట్టలేదు.

ఇక మా ఇంట్లో చేసింది. పళ్ళు పడగానే చెయ్యి వెనక్కి లాగకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. నొప్పి పుడితే చెయ్యి దానంతట అదే వెనక్కి వస్తుంది. కానీ పారిపోవడం ఎలుక చేసే పని. లాగే కొద్దీ అది ఇంకా బిగించి పడుతుంది, పైగా గీత చర్మం వెంట సాగుతుంది. చెయ్యి కట్టెలా ఆపెయ్యాలి. వీలైతే దాని నోటి వైపే కాస్త నెట్టాలి, పట్టు వదులుతుంది. వదలగానే లేచి వెళ్ళిపోవాలి. తిట్టకూడదు, కేక పెట్టకూడదు, దాని వంక చూడకూడదు. కొన్ని పిల్లలకి మన కేక కూడా ఆటలో భాగమైపోతుంది. మా పీకోకి అంతే, నేను "అబ్బా" అంటే ఇంకా రెచ్చిపోయేది. ఒక్క నిమిషం వంటింట్లోకి పోయి నిలబడి, తిరిగి వచ్చి, ఈసారి చేతికి బదులు ఆడుకునే వస్తువు ఇవ్వాలి. కరిస్తే ఆట ఆగిపోతుందని, మెత్తగా ఉంటే ఆట సాగుతుందని దానికి తెలియాలి.

పండగ పనుల్లో ఉండి ఇలా లేవడం ఎంత కష్టమో కుట్టుపని చేసేవాళ్ళకి తెలుస్తుంది. చంక ముక్క సరిగ్గా కుదిరి, సూది దించుతున్నప్పుడే కరిచేది. లేవాలి. నా కొలతల పుస్తకం చివరి పేజీలో రోజూ ఎన్నిసార్లు లేచానో గీతలు పెట్టాను. మొదటి రోజు పదిహేడు. నాలుగో రోజు పంతొమ్మిది, తగ్గాల్సింది పోయి పెరిగింది. "ఇదేదో పిల్లి బడి పెట్టినట్టుంది, హాజరుపట్టీ కూడా" అని మా ఆయన ఎగతాళి. పదో రోజుకి తొమ్మిది. సంక్రాంతి ముందు రోజుల్లో నాలుగు, మూడు.

భోగి నాడు అల్లుడుగారు దిగారు. మళ్ళీ అదే కబడ్డీ. అత్తగారినై ఉండి అల్లుణ్ణి ఏమని గదమాయిస్తాను? "చేతులతో వద్దు బాబూ, ఇదుగో ఈ కర్ర" అన్నాను. "చిన్నది కదండీ, ఆడుకుంటోంది లెండి" అన్నారు. మోచేతి దాకా గీతలు పడ్డా ఆయనకు సరదాయే. ఆయనతో ఆడిన చేతులు వేరు, నా చేతులు వేరు అని పిల్లికేం తెలుసు! కనుమ నాటికి నా గీతలు మళ్ళీ పధ్నాలుగుకి ఎక్కాయి. చివరికి పని చక్కబెట్టింది మనవడు. కొలతల పుస్తకం తీసుకుని కొత్త పేజీలో 'నాన్న' అని రాసి, కింద గీతలు పెట్టడం మొదలుపెట్టాడు. సాయంత్రం భోజనాల దగ్గర అందరి ముందూ చదివాడు: "అమ్మమ్మ రెండు, నేను ఒకటి, తాతయ్య సున్నా, నాన్న ఇరవై ఒకటి." ఆ రాత్రి ఆయనే అడిగి కర్ర తీసుకున్నారు. ఇంట్లో అయిదుగురుంటే అయిదుగురూ ఒకే మాట మీద ఉండాలి. ఒక్కరు చెయ్యిచ్చినా నలుగురి శ్రమ వృథా.

కర్ర అంటే పెద్ద వస్తువేం కాదు. రెండు మూరల సన్న వెదురు బద్ద, చివర లైనింగు గుడ్డ పేలిక. దాన్ని నేల మీద ఎలుక పాకినట్టు పాకించాలి, మంచం కోడు చాటుకి పోనివ్వాలి, ఆగాలి, మళ్ళీ కదపాలి. ముఖం మీద ఊపితే లాభం లేదు. చివర్లో దానికి దొరకనివ్వాలి, దొరకని వేట చిరాకు పుట్టిస్తుంది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు ఇలా ఆడించి వెంటనే తిండి పెడతాను. వేటాడిన తరవాత తిని, ఒళ్ళు నాక్కుని పడుకోవడం వాటి స్వభావం. పిల్లి రోజులో మూడొంతుల్లో రెండొంతులు పడుకునే ఉంటుంది, హుషారంతా తెల్లవారుజామున, సందెవేళ. తెల్లవారుజామున నాలుగున్నరకి దుప్పటిలో కదిలే కాళ్ళ మీద దూకడం ఇందుకే. రాత్రి మేం పడుకునే ముందు ఇంకో విడత ఆట, పిడికెడు తిండి మొదలుపెట్టాక మా ఆయన కాలివేళ్ళు బతికిపోయాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి, ముఖ్యంగా నాలాగా కుట్టుపని చేసేవాళ్ళకి, పూలు కట్టేవాళ్ళకి. దారంతో ఆడనివ్వకండి. నేను మొదట్లో దారపు కండె దొర్లించి ఆడించేదాన్ని. డాక్టరమ్మ వింటూనే వద్దంది. పిల్లి నాలుక మీద ముళ్ళు లోపలి వైపుకి తిరిగి ఉంటాయి, దారం ఒకసారి నోట్లోకి పోతే ఉమ్మలేదు, మింగుతూనే పోతుంది. గౌను నడుముకి కుచ్చులు పెట్టడానికి దారం లాగితే గుడ్డ ఎలా ముడుచుకుంటుందో, లోపల పేగు అలా ముడుచుకుంటుందట. నోట్లోంచో, వెనక నుంచో దారం వేలాడుతుంటే మనం లాగకూడదు, నేరుగా డాక్టరు దగ్గరికే. సూదితో సహా మింగిన పిల్లులు కూడా ఉంటాయట. ఆ రోజు నుంచి సూదులూ దారాలూ మూత పెట్టిన డబ్బాలో, పేలిక కర్ర ఆట అయ్యాక బీరువా మీద. దారం ఒలిచేసిన ఖాళీ ప్లాస్టిక్ కండె మాత్రం నేల మీద దొర్లుతూనే ఉంటుంది.

గోళ్ళ సంగతి వేరు. పళ్ళు ఆట కోసం, గోకడం మాత్రం దానికి తప్పనిసరి పని. ఒళ్ళు సాగదీసుకోవాలి, గోరు మీది పాత పెంకు ఊడాలి. మా కుట్టు బల్ల కాలికి గోనెపట్టా చుట్టి, పైన కొబ్బరితాడు బిగించి కట్టాను. మూడడుగుల ఎత్తు, కదలకుండా ఉండాలి, ఊగితే ఇంకోసారి రాదు. నిద్ర లేచే చోటికి దగ్గర్లో పెట్టాలి, ఎందుకంటే లేస్తూనే గోకుతుంది. వారం తిరిగేసరికి గోనె పోగుల్లో వడ్లపొట్టులాంటి గోటి పెంకులు కనిపించాయి. కుర్చీ గోకుతుంటే తీసుకొచ్చి తాడు దగ్గర వదలడమే. దాని కాళ్ళు పట్టి బలవంతంగా గోకించకండి, నేను చేశాను, రెండు రోజులు ఆ బల్ల వైపే రాలేదు.

గోళ్ళ మొనలు కత్తిరించొచ్చు. ముందు కాళ్ళకి అయిదేసి, వెనక కాళ్ళకి నాలుగేసి, మొత్తం పద్దెనిమిది. నిద్రమత్తులో ఉన్నప్పుడు వేలిని మెల్లగా నొక్కితే గోరు బయటికి వస్తుంది. వెలుతురులో చూస్తే లోపల గులాబీరంగు కండ కనిపిస్తుంది, దాని జోలికి పోకుండా మొన మాత్రమే. రోజుకు రెండు మూడు చాలు, అయ్యాక ఒక చిన్న చేపముక్క. గోళ్ళు పూర్తిగా తీయించేయొచ్చా అని మా వీధిలో ఒకావిడ అడిగింది. అది గోరు తీయడం కాదు, వేలి చివరి ఎముక తీసేయడం.

ముద్దు చేస్తుంటే ఉన్నట్టుండి కరిచింది అని చాలామంది అంటారు. ఉన్నట్టుండి కాదు, ముందే చెబుతుంది. తోక చివర టకటకా కొట్టుకుంటుంది. వీపు మీది చర్మం అలలా వణుకుతుంది. చెవులు పక్కకి తిరుగుతాయి. అప్పుడే చెయ్యి తీసేస్తే కరవదు. గడ్డం కింద, చెవుల పక్కన నిమరనిస్తుంది, పొట్ట మాత్రం నమ్మకంతో చూపించినా ముట్టుకోమని కాదు. మనవడికి ఇది నాకంటే ముందు అర్థమైంది. "అమ్మమ్మా, తోక మాట్లాడుతోంది" అంటాడు.

శివరాత్రి వెళ్ళిన తరవాత మళ్ళీ కొన్నాళ్ళు అన్నీ నమిలింది. ఒకరోజు మిషను పలక మీద నూకగింజంత పన్ను దొరికింది. నాలుగో నెల నుంచి ఆరేడు నెలల దాకా పాలపళ్ళు ఇరవై ఆరూ ఊడి, ముప్ఫై గట్టి పళ్ళు వస్తాయి. ఆ రోజుల్లో కాస్త ఓర్చుకోవాలి. ఆరో నెలలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు నెలకి ఒకటో రెండో గీతలు. అసలు కరవదని నేను చెప్పను, నోరున్న జంతువు. ఎప్పుడూ సాధువుగా ఉండే పిల్లి హఠాత్తుగా కరవడం మొదలుపెడితే మాత్రం ఎక్కడో నొప్పి ఉండొచ్చు, డాక్టరుకి చూపించాలి.

ఇప్పుడు ఆసుపత్రి సంగతి. మీ చిట్కాలో దీని గురించి ఒక్క ముక్క లేదు, నాకు ఎక్కువ కోపం వచ్చింది ఇక్కడే. మనవడి చేతి మీద రక్తం చూడగానే పక్కింటావిడ పసుపు, సున్నం కలిపి పరిగెత్తుకొచ్చింది. ఇంకొకరు కాఫీపొడి అన్నారు. మా అమ్మాయి ఎవరి మాటా వినకుండా పంపు కింద చెయ్యి పెట్టించి, సబ్బు నురగతో పదిహేను నిమిషాలు గడియారం చూసుకుంటూ కడిగింది. అదే సరైన పని అని డాక్టరు మెచ్చుకున్నారు. గాయం మీద పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టకూడదు, కట్టు కూడా కట్టకూడదు. దారిలో ఒక ఆర్‌ఎంపీ "పిల్లి గాటుకి టీటీ చాలు" అన్నాడు. ఆసుపత్రిలో చీటీ రాసే కుర్రాడు "పిల్లికి కూడా కుక్కసూదా?" అని నవ్వాడు. లోపలున్న డాక్టరు మాత్రం నవ్వలేదు. రేబిస్ పిల్లికీ వస్తుంది, దాని కాటుతో మనకీ వస్తుంది, లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకరు. రక్తం రాని చిన్న రక్కుకి కూడా టీకా వేస్తారు. రక్తం వచ్చింది కాబట్టి మావాడికి గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పని మొదలుపెట్టేదాకా కాపాడే మందు) కూడా ఇచ్చారు. టీకా ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు, ప్రతిసారీ రెండు భుజాలకీ చర్మంలోకి సన్నసూది. బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులని మా ఆయన ఇంకా భయపెడుతూనే ఉన్నారు. ఆ పాత టీకా మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. మాకు ప్రభుత్వ ఆసుపత్రిలో పైసా ఖర్చు కాలేదు.

కరిచిన పిల్లిని పది రోజులు కళ్ళ ముందు ఉంచుకుని గమనించాలని కూడా చెప్పారు. అది బాగానే ఉందా లేదా చూస్తూ, ఈలోపు మన టీకా మొదలుపెట్టేయాలి. ఇప్పుడు ఆలోచించండి, మీ చిట్కా ప్రకారం కరిచిన పిల్లిని సంచిలో వేసి వదిలేస్తే ఆ పది రోజులు దేన్ని చూస్తారు? పీకోకి మూడో నెల నిండగానే రేబిస్ టీకా వేయించాం, ఏడాదికోసారి మళ్ళీ వేయించాలి. పిల్లి కోర సన్నగా లోతుగా దిగుతుంది కాబట్టి పైకి చిన్న చుక్కలా ఉన్నా లోపల చీము పట్టొచ్చు. చెయ్యి వాస్తే ఆలస్యం చేయొద్దు. రక్కిన కొన్నాళ్ళకి చంకలోనో, మెడ దగ్గరో గడ్డ కట్టి జ్వరం వస్తే, పిల్లి రక్కిందని డాక్టరుకి చెప్పండి. అలాంటి జబ్బొకటి ఉంది, అది పిల్లుల మధ్య ఒంటి మీద గెంతే చిన్న పురుగుల (ఫ్లీల) వల్ల పాకుతుంది, మనకి రక్కు ద్వారా అంటుకుంటుంది.

సంచి మాట వచ్చింది కాబట్టి. నా చిన్నప్పుడు మా ఇంట్లోనూ ఒక పిల్లిని సంచిలో మూట కట్టి కాలువ అవతల వదిలారు. ఉట్టి మీద పాలు తాగుతోందని. మూడో రోజు సాయంత్రం ఒంటినిండా బురదతో, ఒక కాలు కుంటుకుంటూ వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. "పుట్టగానే ఏడిళ్ళు తిరిగిన జన్మ, దారి మర్చిపోతుందా" అని మా అమ్మ దానికి అన్నం కలిపి పెట్టింది. మళ్ళీ ఎవరూ సంచి తీయలేదు. అది దారి తెలిసిన పెద్ద పిల్లి. మనిషి పెట్టిన అన్నం తప్ప వేట తెలియని పిల్లను చేపల మార్కెట్లో వదిలితే అది కుక్కలకి దొరుకుతుంది, లేదా బండి కింద పడుతుంది. తిండీ నీళ్ళూ లేక బాధపడేలా జంతువుని కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. నా దగ్గర ఆ డబ్బుతో జాకెట్‌కి హుక్కులు కుట్టించుకోవచ్చు. అయినా మీరు అచ్చు వేసింది నేరం చేయమనే సలహానే.

మీకు ఒక విన్నపం. ఏటా జులై 6న ప్రపంచ జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల గురించిన రోజు, వస్తుంది. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ కుర్రాడికి మొదటిసారి రేబిస్ టీకా వేశాడట. ఆ రోజు పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు జంతువులకి ఆ టీకా ఉచితంగా వేస్తుంటారు, మీరు ఏటా వార్త వేస్తారు, పక్కన ఎప్పుడూ కుక్క ఫొటోయే ఉంటుంది. ఈసారి పిల్లి ఫొటో కూడా ఒకటి వేయండి. చీటీ రాసే కుర్రాడు చూస్తాడేమో. ముక్కు మీద కొట్టమన్న చిట్కాకి సవరణ కూడా అదే పేజీలో వేయగలరు.

రాత కొన్నిచోట్ల అలికినట్టుంటుంది, మన్నించండి. కాగితం మీద పెన్ను కదులుతుంటే పీకో రెండుసార్లు చెయ్యి పట్టుకుంది. రెండుసార్లూ లేచి వంటింట్లోకి వెళ్ళి వచ్చాను.

ఇట్లు,
జాకెట్లు కుట్టే ఒక పాఠకురాలు,
తెనాలి